ఖబరస్తాన్ నుండి వెండితెర దాకా: ఖాదర్ ఖాన్ కలం, గళం

(ముస్లిం విద్యార్థులు, తల్లిదండ్రుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



విద్య, ఉపాధి, రిజర్వేషన్లు, వక్ఫ్ ఆస్తులు అనే అంశాలపై ఉదయం నుండి విలువైన ప్రసంగాలు విన్నాం. ఇటువంటి సభలో ఒక సినిమా నటుని గురించి మాట్లాడటం ఉచితమేనా అని కొందరికి సందేహం కలుగవచ్చు. ఉచితమేనని మేము భావిస్తున్నాం. ఎందుకంటే ఈనాడు మనం ఎదుర్కొంటున్న అన్యాయాల్లో కొన్ని కార్యాలయాల్లో జరుగుతుంటే, కొన్ని మాటల్లో జరుగుతున్నాయి. ముస్లిం అంటే ఎవరు, ఎలా ఉంటాడు, ఎలా మాట్లాడతాడు, దేనికి కోపగించుకుంటాడు, దేనికి నవ్వుతాడు అన్న విషయాన్ని ఈ దేశంలోని కోట్లాది మంది ఇరుగుపొరుగును చూసి కాక తెరను చూసి నిర్ణయించుకుంటున్నారు. ఆ తెరపై మాటలు రాసే కలం ఎవరి చేతిలో ఉన్నది అన్నది హక్కుల ప్రశ్నే అవుతుంది. అందుకే నాటకకర్తగా, రంగస్థల నటునిగా, సినిమా మాటల రచయితగా, గుణచిత్ర నటునిగా దాదాపు అర్ధ శతాబ్దం పాటు కృషి చేసిన ఖాదర్ ఖాన్ జీవితాన్ని ఈ సభ ముందు ఉంచుతున్నాం.

ఖాదర్ ఖాన్ 1937లో కాబూల్‌లో జన్మించారు. తండ్రి అబ్దుల్ రహమాన్ కాందహార్‌కు చెందినవారు. తల్లి ఇక్బాల్ బేగం నేటి బలూచిస్తాన్‌లోని పిషీన్ ప్రాంతపు బిడ్డ. ఖాదర్ ఖాన్ కన్నా ముందు పుట్టిన ముగ్గురు కుమారులు బాల్యంలోనే కన్నుమూయగా, ఈ నాల్గవ బిడ్డనైనా దక్కించుకోవాలన్న ఆరాటంతో ఆ దంపతులు ఆ నేలను విడిచి బొంబాయి చేరారు. చేతిలో డబ్బు లేనివారికి మహానగరంలో దొరికే చోటు ఎటువంటిదో మనకు తెలియనిది కాదు. వారికి దొరికింది కామాఠీపురా. సారా దుకాణాలు, జూదం, వ్యభిచార గృహాల నడుమ ఆ బిడ్డ పెరిగాడు. ఈ కామాఠీపురాకు తెలుగువారితోనూ సంబంధం ఉన్నది. మన ప్రాంతాల నుండి వలసపోయి బొంబాయి నగరాన్ని రాళ్లెత్తి నిర్మించిన కామాఠీ కూలీల పేరుమీదుగానే ఆ పేటకు ఆ పేరు వచ్చింది.

కొంతకాలానికి తల్లిదండ్రులు విడిపోయారు. తల్లికి మరో వివాహం జరిగింది. ఇంట్లో పొయ్యి వెలగని రోజులు ఎన్నో గడిచాయి. ఈ దశలో జరిగిన ఒక సంఘటనను ఖాదర్ ఖాన్ తన ఇంటర్వ్యూలలో పదే పదే చెప్పుకున్నారు. పేటలోని తోటి పిల్లలు చిన్న చిన్న కార్ఖానాలలో కూలికి పోతుండగా, తానూ చదువు మాని వారితో వెళదామని బయలుదేరాడు. వెనుక నుండి తల్లి భుజంపై చేయి వేసింది. ఈనాడు నువ్వు తెచ్చే రెండు మూడు రూపాయలతో ఈ ఇంటి పేదరికం పోదు, ఎప్పటికీ రోజుకు ఆ రెండు మూడు రూపాయలే మిగులుతాయి, పేదరికం పోవాలంటే నువ్వు చదవాలి అని ఆమె చెప్పిన మాటల సారాంశం. ఆ మాట తన శరీరమంతా పాకిందని ఆయన చెప్పుకునేవారు.

సోదరులారా, 2006లో సచార్ కమిటీ సమర్పించిన నివేదిక ఆరు నుండి పద్నాలుగేళ్ల వయసున్న ముస్లిం పిల్లల్లో 25 శాతం మంది అసలు బడి ముఖం చూడనివారో, మధ్యలో మానేసినవారో అని తేల్చింది. ఆ 25 శాతంలో ఎందరో బిడ్డలు ఏదో ఒక రోజున కార్ఖానా దారి పట్టినవారే. ఆ రోజున వెనుక నుండి ఒక చేయి భుజంపై పడిందా లేదా అన్నదే తేడా. ఇక్బాల్ బేగం సంపన్నురాలు కాదు, సంఘ నాయకురాలు అంతకన్నా కాదు. అయినా పిల్లవాడి నేటి కూలికీ రేపటి జీవితానికీ మధ్య లెక్క ఆమెకు స్పష్టంగా తెలుసు. ఈ సభలో కూర్చున్న తల్లులకు మేము ప్రత్యేకంగా విన్నవించదలచినది ఇదే.

ఇక నాటకరంగ ప్రవేశం. పగలు తాను విన్న మాటలను, చూసిన మనుషుల తీరుతెన్నులను, రాత్రివేళ ఇంటి దగ్గరి శ్మశానవాటికకు వెళ్లి ఒంటరిగా బిగ్గరగా అనుకరించడం ఆ బాలునికి అలవాటు. ఇరుకు గదుల పేటలో గొంతెత్తి మాట్లాడుకోవడానికి దొరికిన ఖాళీ స్థలం అదొక్కటే. అశ్రఫ్ ఖాన్ అనే రంగస్థల ప్రముఖునికి ఆ సంగతి తెలిసింది. ఆయన ‘వామిఖ్ అజ్రా’ అనే నాటకంలో బాలరాకుమారుని పాత్రకు తగిన పిల్లవానికై వెతుకుతున్నారు. సమాధుల మధ్య మాటలు వల్లిస్తున్న పిల్లవాడు ఆ విధంగా రంగస్థలం మీదకు వచ్చాడు.

నాటకం పట్టుకున్నాడని చదువు వదలలేదు. ఇది గమనించదగిన విషయం. ఇస్మాయిల్ యూసుఫ్ కళాశాలలో చదివి, సివిల్ ఇంజనీరింగ్‌లో అర్హత సంపాదించి, బైకుల్లాలోని సాబూ సిద్దీక్ సాంకేతిక విద్యాసంస్థలో అధ్యాపకునిగా చేరారు. ఈ విద్యాసంస్థ అంజుమన్-ఇ-ఇస్లాంకు చెందినది. 1874లో బొంబాయి ముస్లిం పెద్దలు స్థాపించిన సంస్థ అంజుమన్. ఎప్పుడో ఎవరో చందాలు పోగుచేసి, వక్ఫ్ చేసి, నిలబెట్టిన ఒక సంస్థ తరాలు గడిచాక కామాఠీపురా నుండి వచ్చిన యువకునికి గౌరవప్రదమైన ఉద్యోగాన్ని, నాటకాలు వేసుకోవడానికి వేదికను ఇచ్చింది. మన విద్యాసంస్థలు ఎందుకు, రాజ్యాంగంలోని 30వ అధికరణ మైనారిటీలకు ఇచ్చిన హక్కును ఎందుకు కాపాడుకోవాలి అని అడిగేవారికి ఇంతకన్నా మంచి ఉదాహరణ మాకు కనిపించదు.

ఆ రోజుల్లో బొంబాయి కళాశాలల మధ్య నాటక పోటీలు జోరుగా సాగేవి. ఖాదర్ ఖాన్ తానే నాటకాలు రాసి, దర్శకత్వం వహించి, నటించి, తన విద్యార్థులతో నటింపజేసి బహుమతులు గెలుచుకునేవారు. ఆయన నాటకాల్లో రెండు ముఖ్యమైనవి: ‘తాష్ కే పత్తే’, అంటే పేకముక్కలు, రెండవది ‘లోకల్ ట్రైన్’. పేర్లను గమనించండి. రాజులు లేరు, నవాబులు లేరు. పేకముక్కలు, లోకల్ రైలు. బొంబాయి సామాన్యుని చేతిలో ఉండేవి, సామాన్యుడు ఎక్కేవి.

‘తాష్ కే పత్తే’ నాటకాన్ని చూసిన హాస్యనటుడు ఆగా దాని గురించి దిలీప్ కుమార్‌కు చెప్పారు. దిలీప్ కుమార్ స్వయంగా ఫోన్ చేసి, నాటకం చూడాలని ఉందన్నారు. ఖాదర్ ఖాన్ చెప్పుకున్న ప్రకారం, అంతటి మహానటునికి ఆయన షరతులు పెట్టారు: తెర లేవకముందే వచ్చి కూర్చోవాలి, చివరి వరకూ లేవరాదు. దిలీప్ కుమార్ అంగీకరించి, వచ్చి, చూసి, ‘సగీనా’, ‘బైరాగ్’ చిత్రాలలో అవకాశమిచ్చారు. తన కళ పట్ల గౌరవం ఉన్నవాడు పెద్దవారి ముందు వంగనక్కరలేదని, నిజమైన పెద్దవారు దానిని అహంకారంగా భావించరని ఈ సంఘటన చెబుతుంది.

‘లోకల్ ట్రైన్’ నాటకం మరో దారి తెరిచింది. దాన్ని మెచ్చిన దర్శకుడు నరీందర్ బేడీ ‘జవానీ దీవానీ’ చిత్రానికి మాటలు రాయమన్నారు. 1972లో విడుదలైన ఆ చిత్రంతో మాటల రచయిత పుట్టాడు. అందుకు ముట్టిన పారితోషికం 1,500 రూపాయలని, తన జీతంతో పోలిస్తే అదే పెద్ద మొత్తమని ఆయన అనేవారు. మరుసటి ఏడాది ‘దాగ్’ చిత్రంలో న్యాయవాది పాత్రతో నటునిగా తెరపై కనిపించారు. 35 ఏళ్లు దాటిన వయసులో, ఇంజనీరింగ్ పాఠాలు చెప్పుకుంటూ మొదలుపెట్టిన సినీ జీవితమది.

మన్మోహన్ దేశాయ్ సినిమా ‘రోటీ’ విషయంలో జరిగినది ఈ సభకు మరింత అవసరం. ఉర్దూ రచయితలంటే కవిత్వం, అలంకారాలు, సామాన్యునికి అంతుపట్టని పదబంధాలు అన్న అభిప్రాయం దేశాయ్‌ది. నాకు షాయరీ వద్దు, జనం చప్పట్లు కొట్టే మాట కావాలి, నచ్చకపోతే చింపేస్తాను అన్న ధోరణిలో ఆయన మాట్లాడారట. ఖాదర్ ఖాన్ వాదించలేదు, నొచ్చుకుని వెళ్లిపోలేదు. ఇంటికి వెళ్లి పతాక సన్నివేశం రాసి తెచ్చి చదివి వినిపించారు. దేశాయ్ మళ్లీ మళ్లీ చదివించుకుని, ఇంట్లోని టీవీ సెట్టును అక్కడికక్కడే బహూకరించారని, ఆ చిత్రానికి 1,21,000 రూపాయల పారితోషికం నిర్ణయించారని ఖాదర్ ఖాన్ చెప్పుకున్నారు. ఒక సమాజం గురించి, ఒక భాష గురించి ముందే ఏర్పడిన అభిప్రాయాన్ని తొలగించడానికి ఆయన ఎంచుకున్న మార్గం పనితనం. ప్రతి చోటా పనితనం ఒక్కటే చాలదని మనకు అనుభవపూర్వకంగా తెలుసు. హక్కుల పోరాటం తప్పనిసరి. అయితే పనితనం లేని హక్కుల నినాదం కూడా ఎక్కువ దూరం నడవదు.

ఆనాటి నుండి రెండు దశాబ్దాలు ఆయన కలానికి విరామం లేదు. పరస్పరం పోటీదారులైన మన్మోహన్ దేశాయ్, ప్రకాశ్ మెహ్రా ఇద్దరికీ ఆయనే రాశారు. ‘అమర్ అక్బర్ ఆంథోనీ’ (1977), ‘ముఖద్దర్ కా సికందర్’ (1978), ‘లావారిస్’, ‘నసీబ్’ (1981), ‘కూలీ’ (1983), ‘అగ్నిపథ్’ (1990) ఆయన మాటలతో వెలిగినవే. 200కు పైగా చిత్రాలకు మాటలు రాశారు, 300కు పైగా చిత్రాలలో నటించారు. ‘మేరీ ఆవాజ్ సునో’, ‘అంగార్’ చిత్రాలకు ఉత్తమ సంభాషణల రచయితగా, ‘బాప్ నంబరీ బేటా దస్ నంబరీ’ చిత్రానికి ఉత్తమ హాస్యనటునిగా ఫిలింఫేర్ పురస్కారాలు అందుకున్నారు.

ఆయన మాటల బలం ఎక్కడిది? మాకు తోచినంతలో రెండు మూలాలున్నాయి. మొదటిది రంగస్థలం. నాటకంలో సమీప దృశ్యం ఉండదు, నేపథ్య సంగీతం ఆదుకోదు. చివరి వరుసలో కూర్చున్నవానికి కూడా మాట చేరాలి, చేరగానే అర్థం కావాలి. ఎక్కడ ఊపిరి పీల్చుకోవాలో, ఎక్కడ ఆగితే జనం ఎదురుచూస్తారో పలికిన అనుభవం ఉన్నవాడే రాయగలడు. రెండవది కామాఠీపురా. ఆంథోనీ పాత్ర మాట్లాడే బొంబాయి వీధి భాష నిఘంటువులో దొరికేది కాదు. ఉర్దూ, మరాఠీ, గుజరాతీ, గోవా యాస కలిసిన ఆ భాషను ఆయన బాల్యంలోనే చెవులారా విన్నారు. ఏ పేటను చూసి పెద్దమనుషులు ముఖం తిప్పుకుంటారో, ఆ పేట భాషే దేశమంతా చప్పట్లు కొట్టిన భాష అయింది.

‘ముఖద్దర్ కా సికందర్’లో ఒక సన్నివేశం ఉన్నది. తల్లిని పోగొట్టుకుని ఖబరస్తాన్‌లో ఏడుస్తున్న బాలునికి ఒక ఫకీరు వచ్చి దుఃఖాన్ని ఎలా ఎదుర్కోవాలో బోధిస్తాడు. ఆ మాటలు రాసినదీ, ఆ ఫకీరుగా నటించినదీ ఖాదర్ ఖానే. సమాధుల మధ్య మాటలు నేర్చుకున్న పిల్లవాడు పెరిగి పెద్దవాడై, మరో పిల్లవానికి సమాధుల మధ్య ధైర్యం చెప్పాడు.

‘కూలీ’ చిత్రాన్ని కూడా ప్రస్తావించాలి. అందులో కథానాయకుడు ఇక్బాల్ ఒక ముస్లిం రైల్వే కూలీ, చేతికి 786 బిళ్ల. ఖాదర్ ఖాన్ ధరించిన ప్రతినాయకుని పాత్ర జఫర్ కూడా ముస్లిమే. మంచివాడూ ముస్లిమే, చెడ్డవాడూ ముస్లిమే. వారి మధ్య తగవు దురాశకూ శ్రమకూ, బలవంతునికీ బడుగువానికీ మధ్య తగవే కాని మతాల మధ్య తగవు కాదు. అల్లరి చేసే, ప్రేమించే, హక్కుల కోసం తోటి కూలీలందరినీ కూడగట్టే ముస్లింను హిందూ, సిక్కు, క్రైస్తవ ప్రేక్షకులు తమవానిగా భావించి నెత్తిన పెట్టుకున్నారు. నేడు తెరపై ముస్లిం పాత్ర కనిపించగానే చేతిలో బాంబో, తుపాకో ఉండి తీరాలన్నట్లు రాస్తున్న రోజుల్లో, నలభై ఏళ్ల నాటి ఆ చిత్రాన్ని గుర్తు చేసుకోవడం అవసరం. మనం కోరేది పొగడ్త కాదు. ముస్లింను దేవునిగా చూపమని ఎవరూ అడగడం లేదు. మంచీ చెడూ కలిసిన మామూలు మనిషిగా చూపమని అడుగుతున్నాం.

ఖాదర్ ఖాన్‌కూ తెలుగు సినిమాకూ ఉన్న బంధం ఈ ప్రాంతపు శ్రోతలకు ఆసక్తికరం. 1980వ దశకంలో మన తెలుగు నిర్మాతలు, దర్శకులు తెలుగులో విజయవంతమైన కథలను హిందీలో తీశారు. ‘ఊరుకి మొనగాడు’ కథను కె. రాఘవేంద్రరావు ‘హిమ్మత్‌వాలా’ (1983)గా తీశారు. ‘జస్టిస్ చౌదరి’ అదే పేరుతో హిందీకి వెళ్లింది. ‘చుట్టాలున్నారు జాగ్రత్త’ కె. బాపయ్య దర్శకత్వంలో ‘మవాలీ’ అయింది. డి. రామానాయుడు నిర్మించిన ‘దేవత’ హిందీలో ‘తోఫా’ (1984)గా వచ్చింది. తెలుగు పల్లె నుండి పుట్టిన ఈ కథలకు ఉత్తరాది ప్రేక్షకుని నాలుక మీద ఆడే హిందూస్తానీ మాట ఇచ్చినవాడు ఖాదర్ ఖాన్. ‘హిమ్మత్‌వాలా’లో భూస్వామి పక్కన చేరి చెవి కొరికే గుమాస్తాగా ఆయనే నటించారు. మన తెరపై రావు గోపాలరావు, అల్లు రామలింగయ్యలు పండించిన ధూర్త హాస్యానికి ఆయన హిందీలో సాటి వచ్చారు. కాబూల్‌లో పుట్టి బొంబాయిలో పెరిగిన ఒక పఠాన్, తెలుగు కథను లక్నో ప్రేక్షకునికి చేర్చాడు. మనది కలిసి బతికిన సంస్కృతి అనడానికి పుస్తకాల్లో నిదర్శనాలు వెతకనవసరం లేదు.

అయితే మహనీయుల గురించి మాట్లాడేటప్పుడు ఒకవైపే చూపడం న్యాయం కాదు. 1980వ దశకం నుండి, మరీ ముఖ్యంగా 1990వ దశకపు హాస్యచిత్రాలలో ఆయన రాసిన, పలికిన మాటలు కొన్ని కుటుంబంతో కూర్చుని వినదగినవి కావు. ద్వంద్వార్థాలు, స్త్రీలను చులకన చేసే పరిహాసాలు వాటిలో ఉన్నాయి. ఆ చిత్రాల్లో ప్రతిభ లేదని మేము అనడం లేదు. ‘ఆంఖే’, ‘రాజా బాబు’, ‘కూలీ నంబర్ 1’, ‘దూల్హే రాజా’లలో ఆయన హాస్య సమయస్ఫూర్తిని ఎవరూ కాదనలేరు. కాని ‘తాష్ కే పత్తే’ రాసిన చేయి మార్కెట్టు వేగానికి తల వంచిందన్న బాధ మాకు ఉన్నది. ఒక ముస్లిం కళాకారుడు విజయం సాధించాడు కాబట్టి అన్నీ మెచ్చుకోవాలనడం, సినిమావాడు కాబట్టి అన్నీ తోసిపుచ్చాలనడం, రెండూ అతివాదాలే.

జీవిత ఉత్తరార్ధంలో ఆయన సినిమాకు దూరమవుతూ అరబీ భాషాధ్యయనానికి, ఖుర్ఆన్ అవగాహనను సామాన్య ఉర్దూ పాఠకులకు చేర్చే బోధనా కృషికి సమయం కేటాయించారు. బోధకునిగా జీవితం ప్రారంభించిన మనిషి మళ్లీ బోధన వైపే మళ్లారు. దీర్ఘకాల అనారోగ్యం తరువాత 2018 డిసెంబర్ 31న కెనడాలో తుదిశ్వాస విడిచారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. మరుసటి నెలలో, అంటే 2019 జనవరిలో, ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ప్రకటించింది. అర్ధ శతాబ్దపు సేవకు గుర్తింపు వచ్చేసరికి అందుకునే చేతులు మట్టిలో ఉన్నాయి. మన సమాజం కూడా ఈ విషయంలో నిర్దోషి కాదు. ఆయన బతికి ఉండగా ఎన్ని ఉర్దూ అకాడమీలు, ఎన్ని ముస్లిం సంఘాలు ఆయన నాటకాలను సేకరించి ముద్రించే ఆలోచన చేశాయి?

మన నేలపై కూడా ఇటువంటివారు లేకపోలేదు. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో నిరుపేద దూదేకుల కుటుంబంలో పుట్టిన షేక్ నాజర్ బుర్రకథను తెలుగునాట ఇంటింటికీ చేర్చి, 1986లో పద్మశ్రీ అందుకున్నారు. పల్నాటి వీరుల కథను ఒక ముస్లిం గళం నుండి విని ఊళ్లకు ఊళ్లు కన్నీరు పెట్టాయి. మన పిల్లల్లో ఎందరికి ఈ పేరు తెలుసు?

ఇక ఈ సభ ముందు మూడు విన్నపాలు ఉంచుతున్నాం.

మొదటిది తల్లిదండ్రులకు. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో బీసీ-ఇ వర్గం కింద లభించిన 4 శాతం రిజర్వేషన్ వల్ల మన పిల్లలు వేల సంఖ్యలో ఇంజనీరింగ్, వైద్య కళాశాలల మెట్లెక్కారు. అల్‌హందులిల్లాహ్. ఆ హక్కును న్యాయస్థానాల్లోనూ, బయటా కాపాడుకోవలసిందే. అయితే ఇంజనీరింగ్ చదివే బిడ్డ కథ రాస్తానంటే, నాటకం వేస్తానంటే చదువు చెడుతుందని భయపడకండి. ఇంజనీరింగ్ అధ్యాపకుడే దేశం మెచ్చిన మాటల రచయిత అయ్యాడు. హద్దులు చెప్పండి, కాని నోరు మూయించకండి.

రెండవది మన విద్యాసంస్థల నిర్వాహకులకు. ఏటా ఒక్కసారైనా తెలుగులో, ఉర్దూలో నాటక రచన పోటీలు, ఉపన్యాస పోటీలు జరపండి. బాలికలకు సమాన భాగం ఇవ్వండి. పెద్ద ఖర్చు అక్కరలేదు. ఒక హాలు, ఒక సాయంత్రం, శ్రద్ధగా వినే పెద్దలు నలుగురు చాలు.

మూడవది యువ కార్యకర్తలకు. తెరపై మనల్ని వక్రీకరించినప్పుడు నిరసన తెలపడం మన ప్రజాస్వామిక హక్కు. చట్టబద్ధంగా, శాంతియుతంగా తెలపండి. కాని నిరసన తప్పుడు మాటను ఆపగలదేమో గాని, సరైన మాటను పుట్టించలేదు. దానికి రాసేవారు కావాలి. మన పేటల్లో ఆటో నడిపేవాడు, దూది ఏకినవాడు, బీడీలు చుట్టే అమ్మ, పంక్చరు దుకాణంలో పనిచేస్తూ పదో తరగతి రాసే పిల్లవాడు, వీరందరి మాటా ఇంకా తెరకెక్కలేదు, నాటకానికి ఎక్కలేదు, చాలావరకు కాగితానికే ఎక్కలేదు. వారి మధ్య పెరిగిన మీరే ఆ మాటను రాయాలి.

అల్లాహ్ ఖాదర్ ఖాన్ గారి లోపాలను క్షమించి, ఆయన మంచిని స్వీకరించుగాక. భుజంపై చేయి వేసి బడికి పంపిన ఆ తల్లికి ఉన్నత స్థానం ప్రసాదించుగాక. మన ఇళ్లలో అటువంటి తల్లులు, మన బడుల్లో అటువంటి గురువులు పెరుగుదురు గాక. 

వ ఆఖిరు దావానా అనిల్‌హందు లిల్లాహి రబ్బిల్ ఆలమీన్. అస్సలాము అలైకుమ్.